జానెడు తక్కువైన సవారీ

ఆదివరాహస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని వినండి తల్లీ. ముందు వరసవాళ్లు కాస్త సర్దుకోండి.

ఒక అడవిలో అందరికీ అడవిపంది మీద సవారీ అంటే మోజు. అది గుట్టలకూ ఆగదు, వాగులకూ ఆగదు. ఏటా పిల్లలు పడి కాళ్లు విరగ్గొట్టుకుంటుంటే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పంది మెడ చుట్టూ రెండు చేతులూ కలిసిన పిల్లలే ఎక్కాలి. చూసి పంపడం తాబేలు తాత పని.

కొండముచ్చు గవరయ్య తన కూతురు జాజిని తెచ్చి ఎక్కించాడు. దాని చేతుల మధ్య ఇంకా జానెడు ఎడం ఉంది.

"వచ్చే ఏడు రా, అమ్మలూ," అన్నాడు తాత.

"చెట్ల మీద పుట్టిన వంశం మాది! నేల మీద పాకేవాడివి, నువ్వా మాకు చెప్పేది?" అంటూ గవరయ్య ఒక తీగ తెంపి, జాజి మణికట్లు రెండూ పంది మెడ కింద కలిపి కట్టేశాడు. "ఇప్పుడు కలిశాయిగా!"

"నాన్నా, నొప్పి," అంది జాజి.

"నవ్వవే, అందరూ చూస్తున్నారు."

ఎంత తెలివో చూశారా! తాత అడ్డం వెళ్లేలోపే పంది పరుగెత్తి, గుట్ట దిగుతూ పల్టీ కొట్టింది. ఇంకో పిల్లయితే పక్కకు దూకేది. జాజికి దూకే వీలే లేదు. స్వామి దయవల్ల ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం కొమ్మ పట్టుకోవడానికి మళ్లీ పనికిరాలేదు.

మర్నాడు గవరయ్య పెద్దల ముందు గుండెలు బాదుకున్నాడు. "పసిపిల్ల ఎక్కుతుంటే ఆపలేని కట్టుబాటు ఎందుకయ్యా?"

అక్కడున్న తండ్రులంతా అవునవునని తలలూపారు. వాళ్ల పిల్లలు అప్పటికే పంది దగ్గర వరస కట్టారు.