నాస్టీ

వరినాట్లలో గాజుపెంకు గుచ్చుకుని తులసమ్మ పాదం చీముపట్టింది. కవితాళ ఊరి ఆసుపత్రిలో కట్టు విప్పి చూసిన డాక్టరు "నాస్టీ" అని గొణిగి, సూది తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"ఏవన్నాడే?" అని తులసమ్మ కూతుర్ని అడిగింది.

"అసహ్యంగా ఉందన్నాడమ్మా," అంది తేజ.

"నన్ను అసయ్యించుకునేవాడి చేత కట్టు కట్టించుకోను. పద ఇంటికి!"

జ్వరం ముదిరాక రాయచూరు తీసుకెళ్తే, మోకాలి దాకా కాలు తీసేశారు. కవితాళ డాక్టరు అన్న మాట తేజ చెప్పగానే, అక్కడి డాక్టరు తల పట్టుకున్నాడు. "పుండును అట్లన్నరంటే ప్రాణం మీదికొచ్చిందని, అమ్మా. అప్పుడే ఎందుకు తోల్కరాలే?"

మత్తు దిగిన తులసమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆ డాక్టరు దిష్టే తగిలిందే నాకు."

"అవునమ్మా," అంది తేజ.