ఖాళీ గళ్ళు

“నీళ్ళు తాగడానికి కూడా బద్ధకమా నీకు?”

ఆదెయ్య అరుపు వార్డంతా వినిపించింది. మంచం మీద కూతురు స్వర్ణ తల తిప్పుకుంది. మూతి ఓ పక్కకు వంగిపోయి ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరిదో చెయ్యిలా పడి ఉంది. నిన్న మధ్యాహ్నం తొమ్మిదో తరగతి గదిలో పెన్ను జారిందని వంగిన పిల్ల, మళ్ళీ తనంతట తాను లేవలేదు.

“అరవబాక అన్నా. పిల్ల భయపడతా ఉంది” అంది ఎలిశబెతు.

మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే నాళాలు ఏటికేడు సన్నబడిపోయే జబ్బు స్వర్ణది. ఆ జబ్బున్న పిల్లలు రోజూ ఎట్లా గడుపుతున్నారో లెక్కగట్టడం ఆసుపత్రిలో ఎలిశబెతు పని. ఎన్ని అడుగులు నడిచారో, ఎంతసేపు నిద్రపోయారో ముంజేతి బ్యాండు చెబుతుంది. మాత్రలు, నీళ్ళు మాత్రం పిల్లలే గంటల వారీగా పుస్తకంలో రాసుకోవాలి. స్వర్ణ ఆ లెక్కలో చేరి నెల కూడా కాలేదు. ఆమె మొదటి పుస్తకాన్ని ఆదెయ్య ఇప్పుడే బడిసంచిలోంచి తీసి, రెండు పేజీలు తిప్పి, అరిచి, ఎలిశబెతు చేతిలో పెట్టాడు.

“ఒళ్ళు ఎండిపోతే ఈ పిల్లలకు మెదడుకు నెత్తురు అందదు. నీళ్ళు మరిచిపోవద్దు” అని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఆదెయ్య ఆ సాయంత్రమే పెద్ద సీసా కొనిపెట్టాడు. దాంతో తన బాధ్యత తీరిందనుకున్నాడు. తెల్లారకముందే పడవెక్కి సముద్రం మీదికి పోవడం, వచ్చి చేపలు దించి నిద్రపోవడం. ఒక్కపూటైనా కూతురి పక్కన కూర్చుని ఈ పుస్తకం తెరిచి ఉంటే?

“చెయ్యి మళ్ళీ వస్తుందా అమ్మా?” అన్నాడు మెల్లగా.

“కొంత రావచ్చు. మొత్తం వస్తుందని డాక్టరుగారు అనలేదన్నా.”

ఎలిశబెతు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. ముందుకు తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

“బద్ధకం కాదన్నా, ఇది చూడు. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున ఎనిమిది మొదలు సాయంత్రం అయిదు వరకూ గళ్ళన్నీ ఖాళీ. ఇంటికి రాంగానే ఒక్కసారిగా నాలుగు గ్లాసులు. ఆదివారమైతే రోజంతా తాగింది. బడిలో ఉన్నంతసేపే తాగడం లేదు.” మంచం మీదికి వంగింది. “ఎందుకు స్వర్ణా?”

“తాగితే పోవాల గదక్కా.” మాటలు ముద్దముద్దగా వచ్చాయి. “ఆడపిల్లల బాత్రూంకి తాళం.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“బడి తెరిచినప్పటి నుంచీ. సరుగుడు తోపులోకి పోదామంటే మొగపిల్లోళ్ళు ఉంటారు. మేమెవరమూ తాగం.”

ఆదెయ్య మంచం అంచున కూలబడ్డాడు. ఇందాక అన్న మాట నోట్లో చేదుగా మిగిలింది. కూతురి కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ వేళ్ళు అతని వేళ్ళను పట్టుకోలేదు.

“నాతో ఒక్క మాట చెప్పుండకూడదా తల్లీ?”

“చెప్తే నీకు చిన్నతనమని...”

“నాకు చిన్నతనమేంది? స్కూలు కమిటీ చైర్మన్ని నేను!” అతని గొంతు మళ్ళీ లేచింది. “రేపు పొద్దున్నే పోయి ఆ తాళం పగలగొట్టిస్తా. వేసినోడెవడో వాడి సంగతి చూస్తా.”

స్వర్ణ తండ్రి ముఖంలోకి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఎలిశబెతు వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

“సార్లను ఏమీ అనబాక నాయినా. పంపులు ఇరగ్గొడతన్నారని సెలవల్లో తాళం వేసింది నువ్వే, మరిచిపోయినట్టుండావు. హెడ్మాస్టరు సారు రెండుసార్లు అడిగితే, కొత్త పంపులు వచ్చినాక చూద్దాంలే అన్నావంట.” ఊపిరి తీసుకుని, ఎడమచేత్తో అతని చొక్కా జేబు తడిమింది. “పగలగొట్టే పన్లేదు. తాళంచెవి నీ బండి తాళాల గుత్తిలోనే ఉండాది.”