హస్బెండ్ అంటే అర్థం

“ఇంగ్లిష్‌ల క్యూ అనే మాటకు ఐదక్షరాలు. చివరి నాలుగు కొట్టేస్తే ఎట్ల పలుకుతరు?”

సంహిత ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనే లేదు, ప్రశ్న వచ్చేసింది.

మహిపాల్ టీ కప్పు కింద పెట్టాడు. “క్యూ అనే పలుకుతరు. ఏం మారదు.”

“ప్రిపేరై వచ్చినట్టున్నరు.”

అవునన్నట్టు తలూపాడు. దాచిపెట్టడం అతనికి చేతకాదు. పంజాగుట్టలో అతనికి సూట్లు కుట్టే షాపుంది. ఈమధ్య గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో ఇంగ్లిష్ పదాల వీడియోలే చూస్తున్నాడు. కటింగ్ మాస్టర్ పోచయ్య నవ్వాడు కూడా.

“గా పిల్ల అమీర్‌పేటల స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తదట. మాటల్తోనే మనిషిని తూకమేస్తదట. గీ వీడియోలతోని గట్టెక్కుతవా అన్నా?”

గట్టెక్కకపోతే సంబంధం లేనట్టే. ఆ ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లికి మహిపాల్ నచ్చాడు. కూతురు మాత్రం, ముందు తను ఒంటరిగా మాట్లాడాలని పట్టుబట్టింది. ఇక తన బతుకులో పెళ్ళి లేదనుకుని ఎప్పుడో ఊరుకున్న మనిషి మహిపాల్. ఇప్పుడు మళ్ళీ ఆశ పుట్టింది. అందుకే పొద్దున్నే జుట్టుకు రంగేయించుకుని, తన చేత్తో కుట్టుకున్న చొక్కా తొడుక్కుని, మెట్రో స్టేషన్ పక్కనున్న ఈ హోటల్‌కి ఆమెకంటే చాలా ముందే వచ్చి కూర్చున్నాడు.

“మీరు టైలర్ కదా. తడిగున్నప్పుడే వేసే కోటు ఏది?”

“రెయిన్‌కోటు.”

“కాదు. పెయింట్. గోడకు ఫస్ట్ కోటు, సెకండ్ కోటు అంటరు చూడండి.”

మహిపాల్ నాలుక్కరుచుకున్నాడు. ఇన్నేళ్ళు కోట్లు కుట్టి, కోటు దగ్గరే దొరికిపోయాడు.

“ఇప్పుడు మీరొకటి అడగండి,” అంది సంహిత, ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచుతూ.

“పైజామా, ఖాకీ, డంగరీ. వీటిల అచ్చంగ ఇంగ్లిషోళ్ళ మాట ఏది?”

“ఏదీ కాదు. మూడూ మన దిక్కు నుంచి పోయినవే.”

ఆమెకు తెలిసినందుకు అతనికే సంతోషమేసింది. ఆ సంతోషం ముఖంలో కనబడినట్టుంది, సంహిత కాసేపు అతన్నే చూసింది. తర్వాత అడిగిన ప్రశ్నల్లో ఇంగ్లిష్ లేదు.

“పెళ్ళయినంక ఉద్యోగం మానెయ్యమంటరా?”

“నేనెవర్ని మానెయ్యమనడానికి? ఇష్టమున్నన్ని రోజులు చేసుకోవచ్చు.”

“ఇంకోటి. మా అమ్మా నేనూ ఎప్పుడూ విడిగ లేము. మేమిద్దరం ఒక్క దగ్గరే ఉంటం.”

“అమ్మగారు లేకుంటే ఇంకేముంది?” అన్నాడు మహిపాల్ వెంటనే. “ఆమె ఉంటేనే ఇల్లు.”

సంహిత పెదవి కొరుక్కుంది. నవ్వుకో, ఇంకెందుకో అతనికి అర్థం కాలేదు. బయట సిగ్నల్ పడింది. ఆటోల హారన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆ గోల తగ్గేదాకా ఆగి, కప్పు పక్కకు జరిపింది.

“ఆఖరిది. హస్బెండ్ అనే మాటకు మొదట్ల ఉన్న అర్థమేంటి?”

అది ఏ వీడియోలోనూ రాలేదు. ఏదో ఒకటి చెప్పి చూద్దామనిపించింది. కానీ అబద్ధం నోటికి రాలేదు.

“నాకు తెల్వదు.”

“ఇంటి యజమాని.”

మహిపాల్ ముఖం చిన్నబోయింది. కాసేపు టేబుల్ మీదున్న బిస్కెట్ పొడిని వేలితో ఒకచోటికి చేర్చాడు.

“అయితే నేను పనికిరానేమో,” అన్నాడు మెల్లగా. “నేను కిరాయింట్ల ఉంటున్న.”

సంహిత పగలబడి నవ్వింది. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు. టీ తెచ్చిన మనిషి కూడా ఆగిపోయాడు. మహిపాల్ జోకు వెయ్యలేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. ఆమె ఎందుకంత నవ్విందో తెలియక, లేవాలో కూర్చోవాలో తోచక, కుర్చీ అంచుకు జరిగాడు.

“కూర్చోండి,” అంది సంహిత, కళ్ళు తుడుచుకుంటూ. ఫోన్ తీసి ఇంటికి కలిపింది. మొదటి రింగుకే ఎత్తారు.

“మనిషి మస్తు మంచిగున్నడమ్మా,” అంది అతన్నే చూస్తూ, “నువ్వు ఫికర్ లేకుండ చేసుకో, నీ పెళ్ళి నేను దగ్గరుండి జరిపిస్త.”