ఇంకాలేదుగారు

కోర్టు వరండాలో ఆమె ప్రభుత్వ అధికారి దారికి అడ్డంగా నిలబడింది.

"మీకు పెళ్లాం పిల్లలు ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

"వాళ్ల మొహం ఎలా చూస్తున్నారు?"

ఆయన చంకలో ఫైలు సర్దుకుని, గోడవారగా తప్పుకుని లోపలికి వెళ్లాడు.

ఆమె భర్త లేతు మెషీన్ మీద పనిచేసేవాడు. ఈ దేశానికి వచ్చి పదకొండేళ్లు. సొంత దేశానికి తిప్పి పంపించకూడదని కోర్టు కాగితం ఉండగానే, పొరపాటున విమానం ఎక్కించేశారు. అక్కడ దిగగానే జైల్లో వేశారు. నేరమేమిటో వేసినవాళ్లకూ తెలియదు.

వెనక్కి రప్పించమని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. ఎంతవరకు వచ్చిందో ప్రతి సోమవారం వచ్చి చెప్పమన్నారు.

ప్రభుత్వం తరఫున వచ్చి చెప్పేది ఈ మనిషే.

"ఉత్తర్వు అమలైందా?" జడ్జిగారు అడిగారు.

"ఇంకా లేదండి."

"ఏడు వారాలైంది. ఆ మాట చెప్పడానికి సిగ్గుగా లేదా?"

"ఉందండి."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంకాలేదుగారు అని ఆయనకు పేరు పెట్టింది ఆమే. ఇప్పుడు బంట్రోతులు కూడా అలాగే అంటున్నారు.

ఆదివారం భర్త ఫోన్ చేశాడు. వారానికి మూడు నిమిషాలే ఇస్తారు.

"ఏమైనా తేలిందా?"

"లేదు. మీరెలా ఉన్నారు?"

"ఇక్కడ కిటికీ లేదు. పగలో రాత్రో తిండి తెచ్చినవాణ్ణి అడిగి తెలుసుకుంటున్నాను. పోనీలే, రేపు సోమవారం ఉందిగా. అదొక్కటే పట్టుకుని బతుకుతున్నా."

ఎనిమిదో సోమవారం కొత్త అధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, తళతళలాడే ఫైలు.

"ఉత్తర్వు అమలు చేశామండి. ఆ దేశానికి ఉత్తరం రాశాం. మనిషిని పంపడం, పంపకపోవడం వాళ్ల ఇష్టం."

"ప్రమాణం చేసి చెబుతున్నారా?"

"చేసే చెబుతున్నానండి."

జడ్జిగారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఇక సోమవారం విచారణలు ఉండవన్నారు.

బయటికి వచ్చాక ఆమె తన లాయరమ్మను ఆపింది.

"అదేమిటమ్మా? మనిషి రాకుండానే అయిపోవడమేమిటి?"

"ఇంకా లేదు అన్నంతకాలం జడ్జిగారు వాళ్లను పిలిచి నిలదీయగలిగారు," అంది లాయరమ్మ. "చేసేశామని సంతకం పెట్టాక ఇక దేని మీద నిలదీస్తారు? అప్పీలు వేద్దాం. ఏడాది పట్టొచ్చు."

ఏడాది. కిటికీ లేని గదిలో ఉన్న మనిషికి ఈ మాట మూడు నిమిషాల్లో ఎలా చెప్పాలి?

అంతలో కొత్త అధికారి బయటికి వచ్చాడు. ఆమె ఉక్రోషమంతా పాత మనిషి మీదికే మళ్లింది.

"ఏడీ మీ ఇంకాలేదుగారు? ఏడు వారాలు నా ఉసురు పోసుకున్నందుకు ప్రమోషన్ ఇచ్చారా?"

కొత్తాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇవాళ నేనిచ్చిన కాగితం మొదటి వారమే తయారైందమ్మా. అది అబద్ధం, సంతకం పెట్టనని ఏడు వారాలూ మొండికేసినందుకు మొన్న శుక్రవారం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు."