ఒక్క విన్‌ఫోర్డ్ తప్ప

"బూటు లేసు మళ్లీ తెగిందా నాన్నా?"

"తెగలేదు. ఇవాళ కొత్తది వేసుకొచ్చాను," అన్నాడు రెడ్వర్స్ లస్కోమ్, కారులోంచి ఒక కాలు బయటపెట్టి. కూతురు టామ్సిన్ చేతికర్ర అందించి, అతని మోచెయ్యి పట్టుకుంది.

డెవిల్స్ పాయింట్ గోడ దగ్గర అప్పటికే వంద మంది దాకా ఉన్నారు. ప్లిమత్ నౌకాదళ రేవులోకి వెళ్లే ప్రతి ఓడా ఈ ఇరుకు మలుపు తిరగాల్సిందే. అందుకే నావికుల ఇళ్లవాళ్లు చేతులూపడానికి, ఓడల పిచ్చివాళ్లు నంబర్లు రాసుకోవడానికి ఇక్కడికే వస్తారు. రెడ్వర్స్ రెండో రకం. నలభై ఏళ్లు మార్కెట్లో కూరగాయలు అమ్మాడు. అందులో ముప్పై ఏళ్లు సెలవు రోజుల్లో యుద్ధనౌకల నంబర్లు రాశాడు. తమ నౌకాదళంలో ఆ కాలంలో తిరిగిన ఫ్రిగేట్ రకం ఓడలన్నిటికీ అతని పుస్తకంలో ఎర్ర టిక్కు ఉంది. ఒక్క విన్‌ఫోర్డ్ తప్ప. దాని నంబరు ఎఫ్ 294.

ఇవాళ విన్‌ఫోర్డ్ చివరిసారి రేవుకు వస్తోంది. రేపటి నుంచి అది ఓడ కాదు, పాత ఇనుము.

"వచ్చావా లస్కోమ్!" పాస్కో దుర్భిణి దించాడు. అతనూ నంబర్లవాడే, నోటికి మాత్రం తాళం లేదు. "ఈసారైనా ముందు వైపు చూడు. కిందటిసారి దాని వెనక నురగ చూసి ఇంటికెళ్లావు."

"లేసు తెగింది."

"అంతకుముందు?"

"కళ్లద్దాలు కనపడలేదు."

"ఆ ముందుసారి తప్పు నాది," అంది టామ్సిన్. "పాస్టీల కొట్టు దగ్గర వరుస పెద్దదిగా ఉంది."

"ఓడ వచ్చే వేళకు పాస్టీల వరుసలో నిలబడతారా ఎవరైనా! ఆలస్యం మీ ఇంటావంటా లేదే. మీ నాన్న తెల్లారకముందే కొట్టు తెరిచేవాడు."

"ఆకలేసింది పాస్కో గారూ. ఉరి తీస్తారా?"

మూడేళ్ల కిందట రెడ్వర్స్ కాలికి ఆపరేషన్ అయింది. కారు నడపొద్దన్నారు. అప్పటికి తండ్రీ కూతుళ్ల మధ్య ఆరేళ్లుగా మాటల్లేవు. తనను ఒక్క మాటైనా అడగకుండా కొట్టు అమ్మేశాడని టామ్సిన్ పెట్టెలు సర్దుకుని, నది దాటి లిస్కర్డ్ వెళ్లిపోయింది. ఆపరేషన్ అయ్యాక అతనే ఫోన్ చేశాడు. క్షమాపణ అడగడం అతనికి చేతకాదు. బేరమాడటం చేతనవును.

"ఒక్క ఓడ మిగిలింది. అది పుస్తకంలో పడేదాకా శనివారాలు నన్ను పాయింటుకు తీసుకెళ్లు. తర్వాత నీ దారి నీది."

"ఏ ఓడ?" అంది టామ్సిన్.

"విన్‌ఫోర్డ్."

"సరే."

ఆ విన్‌ఫోర్డ్ ఏడాదిన్నర మరమ్మతుల్లో పడుంది. తర్వాత మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తప్పిపోయింది. ఈలోగా శనివారాలు అలవాటయ్యాయి. ఫ్లాస్కులో టీ, చెయ్యి కాలే మాంసం పాస్టీ, వెనక సీట్లో దుప్పటి. కొట్టు సంగతి మొదటి ఏడాది ఎవరూ ఎత్తలేదు. రెండో ఏడాది దాని మీద పోట్లాడుకున్నారు. మూడో ఏడాదికి జోకులేసుకున్నారు.

ఇవాళ గోడ దగ్గర పాస్కో ఇంకా వదల్లేదు. "విన్‌ఫోర్డ్ ఎప్పుడూ ఈ రేవుదే. ముప్పై ఏళ్లలో నీ కంట పడలేదంటే నేను నమ్మను. రాసి మరిచిపోయావేమో. మొదటి పుస్తకం పోయిందన్నావుగా?"

"ఇల్లు సర్దేటప్పుడు పోయింది. అందులోవన్నీ గుర్తు తెచ్చుకుని రెండో దాంట్లో ఎక్కించాను. తేదీలతో సహా. కావాలంటే అడుగు."

పాస్కో అడగలేదు. ఇదివరకోసారి అడిగి, ఒక పూటంతా వినాల్సొచ్చింది. టామ్సిన్ వంగి, ఒలక్కుండా టీ పోయడంలో మునిగిపోయింది.

రెడ్వర్స్ ఆకాశం వైపు చూశాడు. "వానొచ్చేలా ఉంది తల్లీ. పోదామంటే పోదాం."

"ఇవాళ చూడకపోయినా బేరం అయిపోయినట్టే నాన్నా. రేపు చూడ్డానికి ఓడ ఉండదు."

"అవునులే," అని అతను టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

జనం గోడ మీదికి ఒరిగారు. మలుపు దగ్గర బూడిదరంగు ముక్కు కనపడింది. చివరి ప్రయాణం కనుక ఆనవాయితీ ప్రకారం ఓడ జెండా కొయ్య నుంచి వెనక్కి, ఓడంత పొడవున సన్నటి జెండా ఎగురుతోంది. డెక్కు అంచున నావికులు వరసగా నిలబడ్డారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పాస్కో కూడా నోరు మూసుకుని టోపీ తీశాడు.

రెడ్వర్స్ దుర్భిణి ఎత్తలేదు. "నంబరు నువ్వు చదువు. గాలికి నా కళ్లు నీళ్లు కారుతున్నాయి."

"ఎఫ్! రెండు! తొమ్మిది! నాలుగు!" టామ్సిన్ బడిపిల్లలా గొంతెత్తి చదివింది.

అతను ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. అది వంకరగా వచ్చింది.

"కూరగాయలవాడికి ఒకటే లెక్క," అన్నాడు పుస్తకం మూస్తూ. "చివరి బుట్ట ఉన్నంతసేపే కొట్టు. ఆ ఓడ పుణ్యమా అని మూడేళ్లు నీ మొహం చూశాను. థాంక్స్ తల్లీ."

అతని నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. మఫ్లర్ ముక్కు దాకా లాక్కుంది.

"విదేశీ ఓడలెప్పుడూ రాయలేదేం?"

"అవి మనవి కావుగా."

"డచ్‌వాళ్లవి, ఫ్రెంచివాళ్లవి, నార్వేవాళ్లవి వస్తూనే ఉంటాయి."

"అవి వందలుంటాయి టామ్సిన్. నా జన్మలో అవ్వవు."

"అందుకే అడుగుతున్నా. బేరమా, కాదా?"

రెడ్వర్స్ మార్కెట్లో సరుకు కుదిరినప్పటిలా ఆమె అరచేతి మీద ఫట్‌మని కొట్టాడు.

సాయంత్రం లిస్కర్డ్‌లో టామ్సిన్ తాళాలు బల్ల మీద పడేసి, వంటగది సొరుగు లాగింది. ఇల్లు వదిలిననాడు తన పెట్టెల్లో కలిసి వచ్చిన నీలం అట్ట నంబర్ల పుస్తకం అందులో ఉంది. మూడేళ్లుగా శనివారం బయల్దేరేముందు చూసుకునే పేజీయే తెరిచింది.

చిన్నప్పటి తన చేతిరాత: "ఎఫ్ 294, విన్‌ఫోర్డ్. నేనూ నాన్నా చూశాం."