ఉబ్బిన తూటా

శనివారం తుపాకీ పోటీ నాలుగో దశలో ఆర్డిత్ చేతిలోని కార్బైన్ తుపాకీ ఒక్కసారిగా గుర్రంలా తన్నింది.

మోత ఎప్పటిలా లేదు. కింద బిగించిన తూటాల మ్యాగజీన్ ఊడి గడ్డిలో పడింది. వేడి పొగ చెంపను చురుక్కుమనిపించింది. కళ్లద్దాలు లేకపోతే కన్ను పోయేదే.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చినవాడు తమ్ముడు లైల్.

"అక్కా, చేతులు చూపించు. వేళ్లన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయిరా. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, పదిదాకా నాకొచ్చు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లైల్ నవ్వలేదు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆర్డిత్ వంగి పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని ఏరుకుంది. ఇత్తడి ఒక పక్క ఉబ్బి చిట్లింది. అడుగున మందును అంటించే బిళ్ల ఇస్త్రీ చేసినట్టు అణిగిపోయింది. లోపల ఒత్తిడి హద్దు మీరిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎందుకు మీరింది అన్నదే ప్రశ్న.

నార్త్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో సగంమంది ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నారు. మిగతా సగం వాడేసిన గొట్టాల్లో మందు పోసి తూటాలు నింపడం నేర్చుకున్నారు. ఆమె చేత్తో నింపిన తూటా ఇంతవరకు తప్పు చేయలేదు.

సోమవారం పొద్దున్నే తుపాకులు బాగుచేసే డ్వేన్ దుకాణానికి వెళ్లింది. అతను తుపాకీ గొట్టంలోకి దీపం వేసి చూశాడు. తూటా కూర్చునే చోటు కొలిచాడు.

"తుపాకీలో లోపం లేదు టీచర్‌గారూ. తూటాలో మందే ఎక్కువై ఉండాలి."

"నా తూటాలోనా?" ఆర్డిత్ కాఫీలో రెండు చెంచాల చక్కెర కలుపుకుంది. "ఒక్క రవ్వ ఎక్కువ పడదు. నీకు తెలియదా?"

"తెలుసండీ. అదే ఆశ్చర్యంగా ఉంది."

"ఆశ్చర్యపడితే కాదు, వెతకాలి." మరో రెండు చెంచాలు కలుపుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "నీ కాఫీ ఎప్పుడూ పానకమేనయ్యా."

డ్వేన్ చక్కెర డబ్బాను మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

ఇంటికొచ్చి నేలమాళిగలో బల్ల ముందు కూర్చుంది. ముందు త్రాసును పరీక్షించింది. సరిగ్గానే ఉంది. తూటా మూతిలోని గుండు మరీ లోపలికి దిగిపోయినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, శనివారం పెట్టెలో మిగిలిన తూటాల పొడవు కొలిచింది. అన్నీ ఒకే కొలత. ఇక మిగిలింది మందు. ఒక తూటా విప్పి తెల్లకాగితం మీద ఒంపింది.

తూకం అచ్చంగా సరిపోయింది. కానీ ఆమె వాడే మందు పలచటి రేకుల్లా ఉంటుంది. కాగితం మీద ఉన్నవి గసగసాల్లాంటి గుండ్రటి గింజలు.

మరో తొమ్మిది విప్పింది. పదీ అంతే.

అవి ఆమె నింపిన తూటాలు కావు.

మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి, ప్రతి శుక్రవారం ఆ పెట్టెల్ని మెట్లెక్కించి కారులో పెట్టేది ఒక్కడే. ఈ ఇంటి తాళంచెవి ఉన్నదీ ఆ ఒక్కడి దగ్గరే.

ఆమె వెళ్లేసరికి లైల్ గ్యారేజీ తలుపు తీసే ఉంది. అటక మీద కాఫీ డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. నిండా ఆమె తూటాలే. ఒక్కో డబ్బా మీద ఒక్కో తేదీ. పద్నాలుగు నెలలవి.

చేతులు తుడుచుకుంటూ వచ్చి లైల్ ఆగిపోయాడు.

"ఇవి నావి," అంది.

"అవునక్కా."

"నావి ఎత్తుకొచ్చి, నా పెట్టెలో నీవి పెట్టావు."

"అవును."

"అంటే ఏడాదిగా నేను గెలిచిందంతా నీ తూటాలతోనా?"

అతను చేతిలోని గుడ్డను పక్కన పెట్టాడు.

"ఎందుకురా? నాకంటే నువ్వే గొప్పవాడివని లోపల్లోపల మురిసిపోవడానికా? చెయ్యి పట్టుకుని నీకీ పని నేర్పింది నేను! కన్ను పోయుండేది నాకు!"

"అక్కా, రెండూ కలిసిపోకూడదని నావాటి అడుగున సన్నటి గీటు పెడతాను. గీటు ఉంటే నాది, లేకపోతే నీది. నువ్వోసారి..."

"నోర్ముయ్! దొంగతనానికి గుర్తులు కూడానా? తాళంచెవి ఇటు పడెయ్. ఇక నా గడప తొక్కకు."

అతను గుత్తిలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను రానివ్వకపోతే పోనీ. నువ్వు మాత్రం ఇవాళ బల్ల ముందు కూర్చోకు. నీకు దండం పెడతాను."

"నాకు నువ్వు చెబుతావా?"

కారులో కూర్చుని తలుపు గట్టిగా వేసుకుంది. అమ్మ పోయాక ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. బళ్లో వాణ్ణి ఎవడో కొడితే వెళ్లి వాడి చెవి మెలిపెట్టి వచ్చింది. వాడు తనకు చేసింది ఇదా?

ఆ సాయంత్రమే క్లబ్బుకు ఉత్తరం రాసింది. తన తమ్ముడు తన తూటాలు మార్చి ప్రాణాల మీదికి తెచ్చాడనీ, వాణ్ణి సభ్యత్వం నుంచి తీసేయాలనీ. చివర సంతకం పెట్టింది.

రుజువులు జతచేయాలి. శనివారం ఏరుకొచ్చిన ఖాళీ గొట్టాల్ని బల్ల మీద గుమ్మరించి, భూతద్దం కింద ఒక్కొక్కటే తిప్పి చూసింది. అడుగున సన్నటి గీటు. ఇంకోదానికీ గీటు. గీటు కనబడ్డప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చినట్టయింది. నూట పద్దెనిమిది లెక్కపెట్టి పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుని, ఆఖరున ఆ ఉబ్బిన గొట్టాన్ని భూతద్దం కిందికి తెచ్చింది.

గీటు లేనిది అదొక్కటే.