మూడో వరుసలో బాతు

“నాలుగింటికల్లా తిరిగి బయల్దేరాలి లెటా. పాలు పితకడం ఆలస్యమైతే మేకలు ఊరంతా వినబడేలా ఏడుస్తాయి,” అన్నాడు ఎల్డన్, ట్రక్కు తలుపు వేస్తూ.

“తెలుసు.”

“ఇంకోటి కూడా తెలుసుగా?”

“తెలుసన్నాగా. అడగడం ఈ ఏడుతో సరి.” లెటా చంకలోని బొంతను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

ఆలుమగలిద్దరూ పట్నంలో ఉద్యోగాలు వదిలేసి అమెరికాలోని ఈ ఓజార్క్ కొండల్లో నలభై ఎకరాలు కొనుక్కుని, తినేది తామే పండించుకుంటూ బతకడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఏడాదికొక్కసారి, పాతకాలపు పనుల పండుగకు మాత్రం ముగ్గురూ వస్తారు. ఎల్డన్‌కు కొడవళ్లు, కమ్మరి కొలిమి. ఆరేళ్ల కూతురు టాన్సీకి గానుగ తిప్పే కంచరగాడిద, రాగి కాగులో ఉడికే ఆపిల్ గుజ్జు. లెటాకు మాత్రం బొంతలు కుట్టేవాళ్ల గుడారం ఒక్కటే. అందులో ఏటా ఒక్కో ఊరివాళ్లు కూర్చుంటారు.

టాన్సీ చెయ్యి పట్టుకుని ఆమె గుడారంలోకి అడుగుపెట్టేసరికి చెక్కచట్రం చుట్టూ కూర్చున్న ముసలమ్మలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు.

“రా తల్లీ, కూర్చో,” అంది ఓపల్ అనే లావుపాటావిడ. “ఈ ఆల్మెడా బొంత చూడు. ఒక్క తప్పు కనబడితే నా కుర్చీ నీకిచ్చేస్తా.”

“తప్పెందుకుండాలి?” అంది టాన్సీ.

“లోపం లేకుండా చేసేవాడు దేవుడొక్కడే పిల్లా! అందుకని మేం కావాలని ఒక తప్పు కుడతాం. ఎవరి తప్పు వాళ్లదే, సంతకంలాగా. నేను ఒక ముక్క రంగు మారుస్తా. ఈవిడకు మాత్రం పొగరు. ముప్పై ఏళ్లుగా పక్కన కూర్చుంటున్నా, ఈవిడ తప్పేమిటో నాకు తెలీదు.”

ఆల్మెడా తలెత్తలేదు. సన్నటి మనిషి, నెరిసిన జడ. “సొంతవాళ్లకు కుట్టేవాటిలోనే పెడతా,” అంది.

“ఓహో! నీకు సొంతవాళ్లెవరే, ఆ గుడ్డి పిల్లి తప్ప?”

గుడారమంతా నవ్వులు. లెటా కూడా నవ్వి, తన బొంత విప్పి చట్రం మీద పరిచింది. నీలం, గోధుమ రంగుల ముక్కోణాలు; ఒక్కో ముక్కోణం ఒక బాతు, వరుసలు వరుసలుగా ఎగురుతున్నట్టు. అన్నీ ఒకవైపుకే. మూడో వరుసలో ఒకటి మాత్రం వెనక్కి తిరిగి ఉంది. దానికొక్కదానికే ఎర్రదారంతో చిన్న కన్ను.

“రోజూ పడుకునేముందు నేను దానికి ముద్దిస్తా. పాపం, దారి తప్పింది,” అంది టాన్సీ.

“ఈ కొండల్లోనే ఒక చర్చి అరుగు మీద దొరికానట, ఈ బొంతలో చుట్టి. పెంచినవాళ్లు పట్నానికి తీసుకెళ్లారు. కుట్టిందెవరో తెలిస్తే చాలు. గొడవ పెట్టుకోడానికి కాదు,” అంది లెటా. ఎన్నోసార్లు చెప్పిన మాటలే.

ఓపల్ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. “బాతుల్ని తిప్పేవాళ్లు మాలో లేరమ్మా. ఏటి అవతల హెస్టర్ అని ఉండేది, ఇలాంటి వింత పనులు చేసేది. అదే అయ్యుండాలి.” ఆగి, మెల్లగా అంది. “మొన్న చలికాలంలో పోయింది.”

లెటా ఆరేళ్లు వెతికితే ఒక్క చలికాలంతో తప్పిపోయింది. బొంత మడతపెట్టబోయి, ఆల్మెడా వైపు జరిపింది.

“మీరూ ఒకసారి చూడండి మామ్మగారూ,” అంది ఆల్మెడాతో, ఆఖరి ఆశగా.

“నాకు కళ్లానవమ్మా,” అంది ఆల్మెడా, బొంత వైపు తిరక్కుండానే. కుట్టు ఆపకుండానే అడిగింది. “పెంచినవాళ్లు బాగా చూసుకున్నారా?”

“ప్రాణంలా.”

“చలికి తట్టుకున్నావా, చిన్నప్పుడు?”

“ఈ బొంత ఉందిగా.”

ఆల్మెడా తల ఊపింది. టాన్సీ చేతిలోని గుడ్డబొమ్మను అందుకుంది. దాని భుజం ఊడి వేలాడుతోంది. సూదిలో దారం ఒక్క తడవకే ఎక్కించి, నాలుగు కుట్లతో భుజం నిలబెట్టింది. తర్వాత కాళ్ల దగ్గరి రేకుపెట్టె తెరిచి, అరచేతి వెడల్పు గుడ్డచుట్ట ఒకటి తీసింది. పురికొసతో గట్టిగా కట్టి ఉంది.

“నీ బొమ్మకు బొంత. ఏటి వంతెన దాటేదాకా విప్పకు. సరేనా?”

“ఎందుకు?”

“ఇక్కడ విప్పితే నాకు భయం. అందుకు.”

“బొంతంటే భయమా!” టాన్సీ పకపకా నవ్వింది. ముసలామె పిల్ల జుట్టు ఒక్కసారి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాలుగింటికి ట్రక్కు కదిలింది. “వచ్చే ఏడు కూడా అడుగుదాంలే. ఇదే ఆఖరని నేనేదో విసుగులో అన్నా,” అన్నాడు ఎల్డన్.

“వద్దు. ఆవిడ పోయిందట. ఇక ఎవర్నడగను?” ఒళ్లో బొంత మీద తల వాల్చింది.

వంతెన పలకలు చక్రాల కింద దడదడలాడాయి. అవతలి గట్టు రాగానే టాన్సీ పళ్లతో పురికొస లాగేసింది. బుల్లి బొంతను మోకాళ్ల మీద పరిచి, వేలితో ఒక్కొక్క వరుసే లెక్కపెట్టింది. మూడో వరుసలో వేలు ఆగింది.

“అమ్మా, ఎర్రకన్ను బాతు ఇందులోనూ వెనక్కి తిరిగింది!”